పెళ్ళిచూపుల రోజు పరామర్శ

ఆ రోజుల్లో (మరీ అంత పాత రోజులేం కావు, సెలవుచీటీలు పోయి వాట్సాప్ మెసేజీలు వచ్చేసిన రోజులే) ఇంగ్లీషు మాట ఏది కొత్తగా దొరికినా అరిగిపోయేదాకా వాడే జబ్బు ఒకటి నాకుండేది. అప్పుడే డిగ్రీ అయ్యి, బాపట్లలో ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పడానికి చేరాను. ఏదో సిరీస్ చూస్తుంటే 'డివాస్టేటెడ్' అనే మాట తగిలింది. తుఫాను వెళ్ళిపోయాక ఊరు ఎలా ఉంటుందో మనసు అలా అయిపోయినప్పుడు వాడాలని డిక్షనరీలో చూశాను కూడా. చూసి ఏం లాభం? పిట్టలవానిపాలెం బస్సు తప్పిపోతే డివాస్టేటెడ్. క్యారేజీలో వంకాయకి బదులు సొరకాయ కనపడితే డివాస్టేటెడ్. మా అమ్మ అయితే ఆ మాట వినగానే "ఏంటే, మళ్ళీ ఆకలేస్తోందా?" అనేది.

సెలవు కావాలంటే స్టాఫ్ గ్రూపులో ఇంగ్లీషులోనే అడగాలని మా హెడ్ సార్ రూలు. మంచివారే గానీ జ్వరాలకీ తలనొప్పులకీ కరిగే మనిషి కాదు. (టాబ్లెట్ వేసుకుని రండమ్మా అని జవాబిచ్చేవారు.) నాకేమో పెళ్ళిచూపులు. అబ్బాయిది రేపల్లె, తెనాలిలో ఉద్యోగం. ఇంట్లో 'మీ ఇష్టం' అని బుద్ధిగా తల దించుకున్నాను గానీ, ఫోటో చూసినప్పుడే నాకు నచ్చేశాడు. ఆ సంగతి గ్రూపులో ఎలా చెప్పను? అంతకుముందు ఓ సంబంధం తప్పిపోతే స్టాఫ్ రూమంతా కలిసి నన్ను ఓదార్చి ఓదార్చి చంపేశారు. అందుకని బాగా ఆలోచించి, ఇంట్లో ఒక విషయం వల్ల అందరం డివాస్టేటెడ్‌గా ఉన్నాం, రేపు సెలవు ఇప్పించగలరు అని ఇంగ్లీషులో పెట్టాను. హెడ్ సార్ మారు మాట్లాడకుండా దణ్ణం బొమ్మ పెట్టారు. మాటకి ఎంత బలముందో అని మురిసిపోయాను.

మా వైపు ఆనవాయితీ ఒకటి ఉందని మాత్రం మర్చిపోయాను. కష్టం వచ్చిన ఇంటికి చెప్పకుండానే వెళ్ళాలి. ఏం జరిగిందని ఫోన్లో అడక్కూడదు. అక్కడ ఏమీ తినకూడదు, తిరిగి వెళ్ళేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు. (మళ్ళీ అలాంటి పని మీద ఆ గడప తొక్కాలని ఎవరు కోరుకుంటారు?) మర్నాడు సాయంత్రం పెళ్ళివారు బూరెలు తింటూ ఉండగా మా గేటు ముందు ఆటో ఆగింది. హెడ్ సారూ, లెక్కల టీచరూ, తెలుగు మాస్టారూ, ఒక బత్తాయిల సంచీ దిగారు. లెక్కల టీచరు తిన్నగా వచ్చి మా అమ్మ చేతులు పట్టుకుని, ధైర్యంగా ఉండాలి అక్కయ్యగారూ అంటూ ఏడ్చేసింది. నేను అత్తారింటికి వెళ్ళిపోతాననే కాబోలు అనుకుని మా అమ్మ కూడా ఏడ్చేసింది. నాన్న బూరెల పళ్ళెం అందిస్తే హెడ్ సార్ చేతులు జోడించి, ఇలాంటప్పుడు గొంతు దిగదండి అన్నారు. తెలుగు మాస్టారు వెళ్ళి పెళ్ళికొడుకు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు.

"బాగా దగ్గరివాళ్ళా బాబూ?"

"ఇంకా తేలలేదండి," అన్నాడు అబ్బాయి.

వాళ్ళమ్మగారు పళ్ళెం కింద పెట్టేశారు. "ఇంతకీ ఎవరు పోయారండి?"

"మాకూ తెలియదమ్మా. అమ్మాయి ఇంగ్లీషులో పెట్టింది," అని హెడ్ సార్ తన ఫోను అబ్బాయి చేతికిచ్చారు.

అతను చదివి నా వైపు చూశాడు. సెలవు కోసమండి, అన్నాను, నాకే వినపడనంత చిన్నగా. హెడ్ సార్ ఫోను వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. (తెలుగు మాస్టారు మాత్రం, ఎవరూ పోలేదని తేలింది కదా అని ఒక బూరె తీసుకున్నారు.)

వాళ్ళమ్మగారికి నవ్వు రాలేదు. శుభమా అని వస్తే ఈ ఏడుపులేంటి అనుకున్నారేమో, చెంగు సర్దుకుని లేచారు. వెనకే అందరూ లేచారు. గుమ్మం దగ్గర మాట లేదు. మెట్లు దిగుతుంటే మాట లేదు. చావింట్లోంచి వెళ్ళినట్టు ఏమీ అనకుండా గేటు వైపు నడుస్తున్నారు. బస్సుకీ సొరకాయకీ వాడిపారేసిన ఆ మాట, తీరా అవసరమైనప్పుడు నాకు గుర్తే రాలేదు. ఏడుపొచ్చేస్తుంటే ఏం చెయ్యాలో తెలియక బత్తాయిల సంచీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

గేటు గడియ తీస్తూ అబ్బాయి వెనక్కి తిరిగాడు. మా నాన్నకి చెబుతున్నట్టు, నన్ను చూస్తూ అన్నాడు.

"వెళ్ళొస్తామండి."

ఇప్పుడు రోజూ పొద్దున్నే తెనాలి బస్సుకి పరిగెత్తుతూ మా ఆయన ఆ మాటే అంటారు. సొరకాయ కూర కట్టిన రోజు డివాస్టేటెడ్ అని మొహం పెట్టి మరీ అంటారు. సంచీ పట్టుకుని బిక్కమొహం వేసిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎప్పుడన్నా హడావుడిలో చెప్పకుండా వెళ్ళిపోతే మాత్రం, సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా నాకు ఏ పనీ తోచదు. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు గానీ, అనను.