నొప్పి అంటున్నారా?

బాపట్లలో పదేళ్ళు నర్సుగా చేసిన అమృతానికి సిడ్నీలో ఆ సర్టిఫికెట్ పనికిరాలేదు. 1989లో క్యాంప్సీ దగ్గర ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం ఆమె పని.

ఆ చలికాలం అక్కడికి క్వాన్ అనే కొరియా పెద్దావిడ వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాదు. కొడుకు ఓ పది కొరియా మాటలకు అర్థాలు రాసి మంచం పక్కన అంటించాడు. వాటిలో ‘అప్పా’ అంటే నాన్న. "చనిపోయిన వాళ్ళ నాన్నను అప్పుడప్పుడు పిలుస్తుంది, కంగారుపడకండి" అన్నాడు.

ఒక సోమవారం పక్క మారుస్తుంటే పెద్దావిడ అమృతం చెయ్యి గట్టిగా పట్టుకుని, "అపా" అంది. చర్చిలో దేవుణ్ణి ‘అబ్బా, తండ్రీ’ అని పిలవడం అలవాటైన అమృతానికి ఆ పిలుపు వినగానే కళ్ళు చెమర్చాయి. "నాన్న గుర్తొచ్చారామ్మా?" అని తెలుగులోనే లాలించింది. డ్యూటీ దిగుతూ వార్డు చూసే సిస్టర్‌కీ అదే చెప్పింది. మూడు రోజులు అందరూ అదే నమ్మారు.

గురువారం కొడుకు వచ్చాడు. తల్లి నోట ఆ మాట రాగానే వంగి, "అపుసిదగొయో?" అన్నాడు. ఆవిడ తల ఊపి ఏడ్చింది.

"ఏమడిగారు?" అంది అమృతం.

"నొప్పి అంటున్నారా అని. నాన్న అయితే నొక్కి పలుకుతాం. ఇది ఊపిరి వదిలి అన్న మాట, అంటే నొప్పి. ఇన్నాళ్ళూ ఒక్కరూ తిరిగి అడగలేదా?"

ఎక్స్‌రేలో తుంటి ఎముక చిట్లిందని తేలింది. ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు.

ఇంట్లో భర్త దయానందం, "లాంగ్వేజ్ రాకపోతే నీ ఫాల్ట్ ఎలా అవుద్ది?" అన్నాడు.

"మొహం కనపడిందిగా అండీ! బాపట్లలో అయితే మొహం చూసి చెప్పేదాన్ని. ఇక్కడ కాగితం చూశాను."

మర్నాడు సిస్టర్ వద్దంటున్నా జరిగింది రాసి సంతకం పెట్టింది. యాజమాన్యం హెచ్చరిక చీటీ ఇచ్చింది. పెద్దావిడ కొడుకుని బతిమాలి ఆ ప్రశ్న పలకడం నేర్చుకుంది. అతను ఆమె మొహం చూడకుండానే నేర్పాడు.

ఆపరేషన్ అయి తిరిగొచ్చాక పెద్దావిడ ఏ కొంచెం మూలిగినా అమృతం ఆ ప్రశ్న అడిగేది. ఆవిడ తల ఊపితే సిస్టర్ కోసం పరుగెత్తేది. కానీ పెద్దావిడ మళ్ళీ నడవలేదు.

సెప్టెంబరులో కొడుకు తల్లిని ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. కారు ఎక్కిస్తుంటే ఆవిడ అమృతం వైపు చూసి ఏదో పొడుగ్గా చెప్పింది.

"ఏమన్నారు?" అని కొడుకుని అడిగింది అమృతం.

అతను కారు తలుపు వేశాడు.