మంచు ట్రాక్టరూ, నా కళ్ళాపి బకెట్టూ

యార్క్‌షైర్‌లో ఒక సందు సందంతటినీ ఇళ్ళలోంచి కదలకుండా చేసిన ఘనురాలిని నేను. కర్ఫ్యూ పెట్టాలంటే ప్రభుత్వాలకు పోలీసులు కావాలి, జీపులు కావాలి. నాకు ఒక ప్లాస్టిక్ బకెట్ సరిపోయింది. పైగా అదంతా సేవ అనుకుని చేశాను. అందుకే ఈ సంగతి చెప్పేటప్పుడు ముందు నా చెంపలు నేనే వాయించుకుని తర్వాత మొదలుపెడతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో నాది ఇంగ్లండులో, ఆ యార్క్‌షైర్‌లోనే ఉన్న లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసుకు వెళ్ళేది లేదు, ఇంట్లో కూర్చునే పని. ఎలాగూ ఇంట్లోనే కదా, ఫ్లాట్‌లో మగ్గడమెందుకు, వాకిలి ఉన్న ఇల్లు తీసుకుందామని ఊరి బయట ఒక వాలు సందులో, పైచివర ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వాకిలైతే దొరికింది గానీ ఆ వాకిట్లోకి వచ్చే మనిషే దొరకలేదు.

ఇక్కడ ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "ఆల్‌రైట్?" అంటారు. కొత్తలో అది ప్రశ్న అనుకున్నాను. ఒకావిడ అలా అడగ్గానే ఆగి, "ఏం ఆల్‌రైట్ అండీ, నిన్న మా బాయిలర్ ఆగిపోయి..." అని మొదలుపెట్టాను. నేను బాయిలర్ దాకా వచ్చేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయింది. మిగతా కథ ఎదురింటి పిల్లికి చెప్పి ఇంటికొచ్చాను. సూపర్‌మార్కెట్‌లో బిల్లు మెషీన్ "థాంక్యూ" అంటే "పర్లేదండీ" అని జవాబిచ్చిన రోజులవి. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు చాలా ఒంటరిగా ఉండేది. శుక్రవారం ఆఫీసు కాల్ అయిపోతే మళ్ళీ సోమవారం దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే బాగుండునని ఉండేది. అంతకన్నా పెద్ద కోరికలేమీ లేవు.

అలా ఉండగా ఒక అక్టోబరులో మా సందు వాట్సాప్ గ్రూపులో కీత్ గారి మెసేజ్ వచ్చింది. కీత్ గారు మా పక్కింటాయన. బస్సు డ్రైవర్‌గా రిటైరై, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. మంచు పడ్డప్పుడల్లా తన గార్డెన్ ట్రాక్టర్‌తో సందంతా ఆయనే శుభ్రం చేసేవారట. ఈసారి తుంటి ఆపరేషన్ అయింది, ఇంకెవరైనా ఆ పని చేస్తారా అని అడిగారు.

గ్రూపులో అందరూ బొటనవేళ్ళూ గుండెకాయలూ పెట్టారు. మనిషి మాత్రం ఎవరూ కదల్లేదు. నేను వెంటనే "నేను నడుపుతాను. మాది రైతు కుటుంబం, మాకు ట్రాక్టర్ ఉండేది" అని రాసేశాను. అందులో అబద్ధమేమీ లేదు. తెనాలి దగ్గర మాకు పొలమూ ఉండేది, ట్రాక్టరూ ఉండేది. దాని మీద నేను ఎక్కింది మాత్రం పూజ రోజున ఫొటో దిగడానికే. ఆ ముక్క గ్రూపులో రాయలేదు.

మర్నాడు కీత్ గారు షెడ్డు తలుపు తీశారు. లోపల గడ్డి కోసుకునే బుల్లి ట్రాక్టర్ ఉంది. మా ఇంటి ట్రాక్టర్ పక్కన నిలబెడితే దాని దూడ అనుకుంటారు.

"థాంక్యూ అంకుల్" అన్నాను తాళం అందుకుంటూ.

"నాకు అన్నదమ్ముల్లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. నీకు అంకుల్ని ఎలా అయ్యాను, లవ్?" అన్నారాయన.

కంగారు పడకండి. యార్క్‌షైర్‌లో కూరగాయలమ్మే ఆవిడ కూడా అందరినీ లవ్ అనే పిలుస్తుంది. అదే చిక్కు. అందరినీ లవ్ అంటే ఇక పేరుతో పనేముంది?

నవంబరు ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. ఆయన మడత కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపించేవారు, నేను కింద పడుకుని మసి పూసుకునేదాన్ని. గడ్డి కోసే బ్లేడ్ల పెట్టె ఊడదీశాం. పాత ఆయిల్ తీసేసి, చలికి గట్టిపడని పల్చటి ఆయిల్ పోశాం. వెనక బరువు కోసం ఇసుక బస్తాలు కట్టాం. చక్రాలకు గొలుసులు తొడిగాం. ముందు మంచు తోసే పెద్ద రేకు బిగించాం.

"ఇప్పుడు ఆ రేకుకి కొవ్వొత్తి రుద్దు. మంచు అంటుకోకుండా జారిపోతుంది" అన్నారు. దీపావళికి మిగిలిన కొవ్వొత్తులన్నీ దానికే అరగదీశాను.

"బ్యాటరీ ఇంట్లో పెట్టుకో. చలికి చస్తుంది."

తీసుకెళ్ళి హాల్లో, చార్జరుతో సహా హీటర్ పక్కన పెట్టుకున్నాను. ఎర్ర లైటు వెలుగుతూ ఉండేది. ఇంట్లో ఇంకో ప్రాణి ఉన్నట్టు అనిపించి, అన్నం తినేటప్పుడు దాని వైపు తిరిగి కూర్చునేదాన్ని.

"ఇక అంతా రెడీ" అన్నారు కీత్ గారు ఒక ఆదివారం. "ఒక్కటి గుర్తుపెట్టుకో. మంచు తోసేశాక ఆఖరున గ్రిట్ చల్లాలి. బస్తాలు ఆ మూల ఉన్నాయి."

గ్రిట్ అంటే రోడ్లు జారకుండా చల్లే రాతి ఉప్పు. ఇసుక రంగులో, గరుగ్గా ఉంటుంది. సరేనన్నాను గానీ నా మనసుకు ఇంకా ఏదో వెలితి. లండన్ పక్కన స్టాన్‌మోర్‌లో ఉండే మా పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, బండికి పూజ చెయ్యాలంటే ఏమేం కావాలి?"

"కారు కొన్నావంటే? నాకు మాటన్నా చెప్పలేదు!"

"కారు కాదు పిన్నీ, ట్రాక్టర్."

"ట్రాక్టరా? నిన్ను అంత చదువు చదివించింది దున్నుకోడానికంటే?"

"దున్నడానికి కాదు, మంచు తోయడానికి."

"మరి మీ కౌన్సిల్ వాళ్ళేం చేస్తన్నారే? సర్లే, పసుపూ కుంకం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించు. వీడియో తియ్యి, చూస్తా."

అలాగే చేశాను. కీత్ గారు చాలాసేపు చూశారు.

"ఆ పసుపు పొడి తుప్పు పట్టకుండానా?"

"దిష్టి తగలకుండా. అంటే, ఎవరి కళ్ళూ పడకుండా."

"దీని మీదా?" అన్నారాయన, తన డొక్కు ట్రాక్టర్‌ని ఎగాదిగా చూసుకుంటూ. నిమ్మకాయలు చితికినప్పుడు మాత్రం నిజంగా బాధపడ్డారు. "జిన్‌లోకి పనికొచ్చేవి" అన్నారు.

డిసెంబరంతా మంచు పడలేదు. లేవగానే కర్టెన్ తీసి చూడటం, నల్లగా తడిసిన రోడ్డు కనబడితే నీరసపడటం. దేశమంతా మంచు పడకూడదని కోరుకుంటుంటే, బ్యాటరీ చార్జ్ చేసుకుని మరీ ఎదురుచూసింది బహుశా నేనొక్కదాన్నే.

జనవరిలో పడింది. మామూలుగా కాదు, గేట్లు సగం మునిగేలా పడింది. వెలుతురు రాకముందే బ్యాటరీ చంకన పెట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను. తాళం తిప్పగానే ట్రాక్టర్ స్టార్టయింది. కొవ్వొత్తి రుద్దిన రేకు ముందు మంచు పక్కకి తప్పుకుంటూ పోయింది. ఒక్కో కిటికీలో లైటు వెలిగింది. మొహాలు కనిపించాయి. మధ్య ఇంట్లో ఉండే నర్సు లిండా చెయ్యి ఊపింది. మంచంతా మెయిన్ రోడ్డు దగ్గర ఒక పెద్ద కుప్పగా తోసి తిరిగొస్తుంటే, కీత్ గారు కిటికీలోంచి బొటనవేలు చూపించారు. ఫోన్‌లో బొమ్మ కాదు, అసలు వేలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే ఇంట్లోకి పోయి కాఫీ తాగి ఉంటే ఈ కథే లేదు.

కానీ గొలుసుల చక్రాలు రోడ్డు నిండా బురద చారలు పెట్టాయి. ఊడ్చిన వాకిలి అలా వదిలేస్తే మా ఇంట్లో పెద్ద నేరం. ఊడ్చాక నీళ్ళు చల్లాలి. అది చేతులకు వచ్చిన అలవాటు, బుర్రను అడిగి చేసేది కాదు. పైగా ఆ పూట సందంతా నా వాకిలే అనిపిస్తోంది. చన్నీళ్ళు గడ్డకడతాయని తెలియనంత అమాయకురాలిని కాదు లెండి. అందుకే వేడి నీళ్ళు పట్టుకెళ్ళాను! బకెట్ తర్వాత బకెట్, గేటు తర్వాత గేటు, పైనుంచి కింద దాకా చక్కగా కళ్ళాపి చల్లాను. వాలు సందు కావడంతో నీళ్ళు వాటంతటవే పాకి నా శ్రమ తగ్గించాయి.

కీత్ గారి మాట మర్చిపోలేదు. గ్రిట్ బస్తా తెచ్చాను. అయితే అంత శుభ్రంగా మెరుస్తున్న రోడ్డు మీద ఆ మట్టిరంగు ఉప్పు పిచ్చిగా వెదజల్లడానికి చెయ్యి రాలేదు. గుప్పిట్లోకి తీసుకుని, ప్రతి గేటు ముందూ ఒక పద్మం ముగ్గు వేశాను. నడుం విరిగినంత పనైంది. ఇంటికొచ్చి డికాక్షన్ వేసి, కప్పులు అన్నీ కడిగి పెట్టుకున్నాను. ఇవాళ ఎవరో ఒకరు తలుపు కొడతారని నమ్మకం.

ఎవరూ తలుపు కొట్టలేదు. బయట నుంచి "నో నో నో నో" అని ఒక సాగదీసిన కేక వినిపించింది.

పరిగెత్తుకొచ్చి చూస్తే, లిండా కారు అడ్డంగా తిరిగి సందు దిగుతోంది. లిండా స్టీరింగ్ పట్టుకునే ఉంది, కారు మాత్రం తనకు తోచినట్టు వెళుతోంది. పెళ్ళికూతురిలా నెమ్మదిగా, ఒద్దికగా వెళ్ళి నేను పోసిన మంచు కుప్పలో కూర్చుంది. కారుకు గీత పడలేదు, లిండాకు దెబ్బ తగల్లేదు. దిగి, కుప్ప పట్టుకుని నిలబడి వెనక్కి చూసింది. సందంతా అద్దంలా మెరుస్తోంది.

"ఇక్కడ నీళ్ళు పోసిందెవరు?"

"నేనే" అని పైనుంచి అరిచాను గేటు పట్టుకుని.

"ఎందుకు?"

"మా ఇళ్ళలో పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతాం. లక్ష్మీదేవి వస్తుందని."

లిండా మెరుస్తున్న ఐసు వైపు చెయ్యి చూపించింది. "దీని మీద ఆవిడ ఎలా నడిచి వస్తుంది?" అంది.

లిండా తల ఊపి, అక్కడే మెయిన్ రోడ్డు మీద బస్సెక్కి హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ పూట సందులోంచి బయటపడింది ఆవిడొక్కతే.

అంతలో కీత్ గారు తలుపు తీసి, చేతికర్రతో గడప మీద నిలబడ్డారు. ఆయన అడుగు బయట పెడితే కొత్త తుంటి ఏమవుతుందోనని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"రావద్దు! కదలొద్దు!" అని అరిచాను.

"ఝాన్సీ!" అని అంతకన్నా గట్టిగా అరిచారాయన. "గ్రిట్ చల్లమన్నాను కదా! ఏం చేశావు దాన్ని?"

"ముగ్గేశాను."

ఆయన కిందికి చూశారు. ఉప్పు గీతల వెంబడి ఐసు కరిగి, పద్మం ఆకారంలో మాత్రం రోడ్డు బయటపడి ఉంది. సరిగ్గా అప్పుడే కంచెలు పట్టుకుని పాకుతూ వచ్చిన పోస్ట్‌మాన్, ఆ రేకుల మీద ఒక్కో అడుగూ వేస్తూ, పద్మం చుట్టూ తిరిగి, కీత్ గారి చేతిలో ఉత్తరం పెట్టి, మళ్ళీ రేకుల మీదే వెనక్కి పోయాడు.

ఇక అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. "ఝాన్సీ, ముందు ఇటు చల్లు!" "ఝాన్సీ, మెల్లగా!" "ఝాన్సీ, నీకు మతి పోయిందా?" నేను ఉప్పు బస్తా ఈడ్చుకుంటూ, చాలావరకు కూర్చునే, గేటు గేటుకూ జరిగాను. బయటికి పోలేక అందరూ గడపల మీదే ఉన్నారు. ఒకావిడ బిస్కెట్లు విసిరింది. ఒకాయన ఆ పువ్వు పేరేమిటని అడిగాడు. ఆ రోజు సందంతా నా పేరే, అదీ తిట్ల మధ్యలో. నా జన్మలో అంత సంతోషంగా తిట్లు తిన్నది అప్పుడే.

రెండు రోజుల్లో ఐసు కరిగింది. తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ "ఆల్‌రైట్?" మొదలైంది. కడిగిన కప్పులు కడిగినట్టే ఉన్నాయి. ఈసారి ఇంతకుముందు కన్నా ఎక్కువ దిగులేసింది.

ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. కీత్ గారు.

"బకెట్ ఇవ్వు."

"ఎందుకు?"

"అందరం అనుకున్నాం. చలికాలం పోయేదాకా అది నా దగ్గరే ఉంటుంది."

తెచ్చి ఇచ్చేశాను. శనివారం ఇల్లు తుడవడానికి బకెట్ లేదు. వెళ్ళి అడిగాను.

"ఎక్కడ తుడవాలి?"

"వంటింట్లో."

"లోపలే కదా?"

"లోపలే."

"సరే. టీ పెట్టాను, తాగి తీసుకెళ్ళు" అన్నారు.

సాయంత్రం తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఇంకో టీ. ఆ పైవారమూ అంతే. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది, మళ్ళీ చలికాలం వచ్చింది. ట్రాక్టర్‌కి మళ్ళీ ఆయిల్ మార్చాం, ఈసారి నిమ్మకాయలు ఆయనే కొనుక్కొచ్చారు. బకెట్ మాత్రం ఇప్పటికీ ఆయన వంటింట్లోనే ఉంది.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చలి సున్నాకు దిగినప్పుడు, వేడివి గానీ చల్లవి గానీ, ఏ వాకిట్లోనూ నీళ్ళు చల్లను. రాతి ఉప్పుతో ముగ్గు వేయను. ఇంకొకటి కూడా ఉంది. మా ఊరి దుకాణంలో బకెట్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. కొత్తది కొనుక్కోమని కీత్ గారు ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. నేను కొనను.