తాళాలాయన చెప్పిన చరిత్ర

ఆ కూడలిలో తాళాలాయనకు నచ్చిన మనిషి ఒక్కడూ లేడు. ఆయనను చూసి మొహం చిట్లించని మనిషీ లేడు. బట్టల దుకాణం మేడకు వెళ్ళే రాతి మెట్ల కింద, లేచి నిలబడితే నెత్తి తగిలే చోట, నలభై ఏళ్ళుగా ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. తాళంచెవి అరగదీస్తుంటే ఎవరైనా తొంగిచూస్తే చాలు, పని ఆపేసేవాడు. చూడటం అయ్యాక చెప్పు, అప్పుడు మొదలుపెడతానని మొహం మీదే అనేవాడు. అయినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన వేసిన తాళం మొరాయించదు మరి, ఏం చేస్తారు!

అందరికన్నా ఆయనకు ఒళ్ళుమంట షావుకారంటే. బట్టల దుకాణం, మేడ, మెట్లు అన్నీ షావుకారువే. మెట్ల కింద గాజు అద్దాల బీరువా పెట్టి బొమ్మలకు బట్టలు తొడగాలని షావుకారుకు ఎప్పటినుంచో కోరిక. లేచి పొమ్మంటే తాళాలాయన కదిలే రకం కాదు. అందుకని రోజూ పొద్దున్నే మెట్లు కడిగించేవాడు. ఆ మురికినీళ్ళన్నీ ధారగా దిగి తాళాలాయన వీపు మీద పడేవి. ఆయన తుడుచుకుని, షావుకారు ఏడు తరాలనూ వరసబెట్టి తిట్టి, ఆ తర్వాతే పనిముట్లు బయటకు తీసేవాడు.

ఇలా ఉండగా కూడలికి బండలు పరిపించాలనీ, దాని చరిత్ర రాయించి నడిమధ్య పలక మీద చెక్కించాలనీ పంచాయతీ వాళ్ళకు బుద్ధి పుట్టింది. రాసే పని రిటైరైన పంతులుగారికి అప్పగించారు. పంతులుగారు ఇల్లిల్లూ తిరిగారు. ఎవరిని అడిగినా తమ తాతే ఈ ఊరు కట్టాడన్నట్టు కోతలు కోశారు. విసిగిపోయి, చివరకు మెట్ల కిందికి వంగి తాళాలాయనను అడిగారు.

అంతే, కట్ట తెగింది. మూడు మధ్యాహ్నాలు చెప్పాడు. పోస్టాఫీసు తలుపుకు గడియ బయటివైపు ఎందుకుందో తెలుసా? ఒకప్పుడు అది దొంగలను పెట్టే కొట్టు. బడి తలుపుకు అంత లావు తాళం దేనికి? అది ధాన్యం గిడ్డంగి. రాత్రిళ్ళు బస్తాలు మాయం చేసింది ఈ పెద్దమనుషుల పెద్దలే. ఇక షావుకారు సంగతి వచ్చేసరికి ఆయన గొంతు లేచింది. ఆ దుకాణం అసలు వీధి తలుపు ఇప్పుడు లోపల, చీరల అరల వెనక ఉంది. దానికి తాళం బిగించింది మా నాన్నే. ఆ తలుపుకు ఇవతల ఉన్నదంతా, ముందుగది, అరుగు, మెట్లతో సహా, షావుకారు తండ్రి కూడలిలోంచి మింగిందే. పంతులుగారు అరల వెనక్కి వెళ్ళి చూసి, నిజమేనని మాట పొల్లుపోకుండా రాసుకున్నారు.

పంచాయతీ ఆఫీసులో అది చదివి వినిపించిన రోజు ఊరంతా చేరింది. మెట్ల దాకా వచ్చేసరికి, బండల కోసం కూడలి కొలవడానికి వచ్చిన సర్వేయరు తలెత్తాడు. ఇది నిజమైతే బండలు పరిచేముందు ముందుగదీ అరుగూ మెట్లూ తీసేయాల్సిందే అన్నాడు. అప్పుడు గానీ తాళాలాయనకు వెలగలేదు. చెప్పిన మూడు రోజులూ ఆయన కళ్ళ ముందు షావుకారు మొహమే ఉంది. తాను కూర్చున్నది ఎక్కడో తట్టలేదు. పక్కనున్న భార్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

షావుకారు జనంలోంచి తోసుకుంటూ వచ్చి చెవి దగ్గర వంగాడు. నలభై ఏళ్ళలో ఎన్నడూ ‘ఓయ్’ అని తప్ప పిలిచి ఎరగడు.

“బాబాయ్, మెట్లు మా సొంత జాగాలోనే కట్టారని ఒక్క మాట చెప్పు. నువ్వు బతికున్నంతకాలం ఆ కింద నిన్ను కదిపేవాడుండడు. నీళ్ళు కూడా పోయించను.”

ప్రెసిడెంటు అడిగాడు, రాసింది నిజమేనా అని. భార్య చెయ్యి ఇంకా బిగించింది. కూడలిలో ఇంకో చోటు ఎవడిస్తాడు? ఆయన నోటి ధాటికి అందరితోనూ చెడింది. ఆకురాయి పట్టడం తప్ప వేరే పని రాదు. అదంతా ఆయనకు తెలుసు. తెలిసి కూడా షావుకారు కళ్ళలోకే చూశాడు.

“నిజమే. మెట్లు కూడలిలోనే ఉన్నాయి. పలక మీద పెద్ద అక్షరాలతో చెక్కించండి.”

“నువ్వూ పోతావురా ముసలాడా,” అన్నాడు షావుకారు.

“పోతాను. నీ మెట్లు పోయాక పోతాను.”

బయటికొచ్చాక భార్య చెయ్యి వదిలేసింది. “ఇక ఇంట్లో కూర్చుని నన్ను తిట్టుకో,” అని ముందుకు నడిచింది.

మెట్లు కూల్చిన రోజున ఆయన పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డాడు. ఎవరూ నీడకు రమ్మనలేదు, పిలిచినా వెళ్ళేవాడు కాదు. ఒక్కో రాయి కింద పడుతుంటే షావుకారు తల పట్టుకున్నాడు. ఆ తల పట్టుకోవడం కోసమే తాళాలాయన కడదాకా నిలబడ్డాడు. ఆఖరి మెట్టు కూడా పడింది. కూలీలు బండి తోలుకుపోయారు. దుమ్ము అణిగింది. అంతలో ఎవరో తాళంచెవి పోయిందంటూ వచ్చి, ఎక్కడ కూర్చుంటారని అడిగారు. ఆయన అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, నెత్తి తగలకుండా వంగాడు.