ఈశ్వరయ్య కారు ఎంచుకున్న తీరు

మా డ్రైవింగ్ స్కూలుకు ఎందరో వచ్చారు గానీ ఈశ్వరయ్యలా నా ప్రాణం తోడేసినవాడు ఇంకొకడు లేడు. ఆయనది మహేశ్వరం పక్కన చిన్న ఊరు. యాభై ఏళ్లు ఎడ్లతోనే బతికాడు. ఉన్న చేను కాస్తా ప్లాట్లవాళ్లకు పోయింది. వచ్చిన డబ్బుతో కారు కొని ఎయిర్‌పోర్టు దగ్గర కిరాయికి తిప్పుతానంటూ 2011లో శంషాబాద్‌లో నా స్కూలు మెట్లెక్కాడు.

"చేను పాయె రాజశేఖర్. ఇగ ఈ కారే నా చేను. ఇది గిన తప్పిందంటె నేను, అనంతమ్మ ఏం తిని బతకాలె?" అన్నాడు. అనంతమ్మ ఆయన భార్య.

నడపడం తొందరగానే వచ్చేసింది. చిక్కంతా కొనడంలోనే. ఆ రోజుల్లో హైవే పొడుగునా ఎక్కడ చూసినా షోరూములే. జపాను కంపెనీ ఒక బండి దింపితే, వారం తిరక్కుండా కొరియావాళ్లు ఇంకోటి దింపేవారు, ఆ వెంటనే మన దేశం కంపెనీవాళ్లు రేటు తగ్గించేవారు. ఒకే బండి పెట్రోలులో ఒకటి, డీజిల్లో ఒకటి. అందులో మళ్లీ కింది రకం, నడిమి రకం, పై రకం. చదువుకున్నవాళ్లకే తల తిరుగుతుంటే ఈశ్వరయ్య సంగతి చెప్పాలా!

ఆయనకు తెలిసిన బేరం ఎడ్ల అంగడి బేరం ఒక్కటే. చూసిన రోజున ఎద్దును కొనరు. సుడులు చూస్తారు, పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, ఇంటికెళ్లి ఆలోచించుకుని మరుసటి వారం మళ్లీ వస్తారు. కార్లనూ అట్లాగే చూశాడు మహానుభావుడు, ప్రతిసారీ నన్ను వెంటేసుకుని. చుట్టూ తిరిగేవాడు, వంగి అడుగు భాగం చూసేవాడు, కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. చివరికి "వచ్చే వారం వస్త" అని లేచేవాడు. వచ్చే వారానికి ఎదురు షోరూములో కొత్త బండి దిగేది. మళ్లీ మొదటికి!

ఒక షోరూములో శివరామకృష్ణ అనే కుర్రాడు ఉండేవాడు, భీమవరం వైపు మనిషి, ఓర్పు ఎక్కువ. "మన దగ్గర తయారైన ఈ బండి ఇప్పుడు విదేశాలకు కూడా వెళ్తోందండి" అని గర్వంగా చెప్పాడు.

ఈశ్వరయ్య మొహం మాడిపోయింది. "అంటె మంచియి ఏరి బయటికి పంపి, మిగిలినయి మాకు అంటగడుతున్నరా? టమాటలు మేం గట్లనే చేస్తం తమ్మీ."

బయటికి రాగానే నాకు ఒళ్లు మండింది.

"ఏదో ఒకటి కొనవే అన్నా! అది గడ్డి మేస్తదా, కుమ్ముతదా?"

"కొన్నంక ఇంకా మంచిది వస్తె?"

"వస్తది. రోజూ వస్తది!"

"మరి గట్లయితె ఎప్పుడు కొనాలె?"

ఆ ప్రశ్నకు జవాబు కంపెనీలవాళ్లకైనా తెలుసో లేదో.

మరుసటి ఎండాకాలంలో ఎట్టకేలకు ఒక పొట్టి డీజిల్ కారు కొన్నాడు. నాలుగు మీటర్ల లోపు చిన్న బండ్లకు పన్ను తక్కువనీ, అందుకే కంపెనీలన్నీ పోటీ పడి బండ్లను కురచ చేస్తున్నాయనీ శివరామకృష్ణ చెప్పిన మాట ఆయనకు భలే నచ్చింది. "పొట్టిగుంటె సందులల్ల తిప్పుడు సులువుగుంటది" అని మురిసిపోయాడు. పసుపు నంబరు ప్లేటు వేయించి, ఒక ట్రావెల్స్‌లో బండి పెట్టాడు.

మొదటి గిరాకీ విశాఖపట్నం నుంచి విమానంలో దిగిన దంపతులు, జగన్మోహనరావుగారు, వరలక్ష్మిగారు. కూకట్‌పల్లి వెళ్లాలి. వాళ్లతో మూడు పెద్ద సూట్‌కేసులు, మామిడిపళ్ల బుట్ట. ఈశ్వరయ్య డిక్కీ తెరిచాడు. ఒక సూట్‌కేసుతోనే అది నిండిపోయింది. రెండోది ముందు సీట్లో కుక్కాడు. వెనక సీట్లో వాళ్లిద్దరూ, బుట్టా పోను మూడోదానికి చోటు లేదు.

"జర ఒళ్లె పెట్టుకోండ్రమ్మా" అన్నాడు వరలక్ష్మిగారితో. బస్సులో మూటలు ఒళ్లో పెట్టుకుని తిరిగిన మనిషి మరి! ఆవిడ భర్త వైపు చూసింది.

"ఏమనుకోకండి, ఇది మాకు సరిపోదండీ" అని జగన్మోహనరావుగారు వెనకున్న పొడుగు కారును పిలిచారు. ఈశ్వరయ్య పక్కకు జరిగి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. తన బండిలోంచి సామానంతా తనే దించి, తనే మోసుకెళ్లి ఆ కారు డిక్కీలో సర్దాడు. జగన్మోహనరావుగారు ఒక యాభై నోటు ఈశ్వరయ్య చేతిలో పెట్టి కారెక్కి వెళ్లిపోయారు.

ఈశ్వరయ్య అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఏమీ అర్థం కాని మొహం.

"ఇంజను చూసిన, టైర్లు చూసిన, కింద వంగి చూసిన. ఏడాది చూసిన రాజశేఖర్. ఎనుకకు పోయి ఆ మూత తెరువాలెనని తోచనే లేదు. ఊర్లె సూట్‌కేసు ఎవనికున్నది?"

నాకు ఆయన మీద కోపమొచ్చింది, పొట్టి బండ్లు చేసిన కంపెనీల మీద కోపమొచ్చింది, ఆ పన్ను పెట్టినవాళ్ల మీద కోపమొచ్చింది. కడిగేద్దామని నోరు తెరిచాను. ఆయన జేబులోంచి ఆ నోటు తీసి నా ముందు పెట్టాడు.

"మొదటి బోణీ పోచమ్మ తల్లి ముందట పెడతనని అనంతమ్మ పొద్దటి నుంచి తానం జేసి కూసున్నది. ఇది కారు సంపాయించిందా, కూలికి నేను సంపాయించిన్నా? పెట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు."