చెన్నూరు దారిలో ఓదెలు, వాళ్ల బాపు

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరిగి పారుతుందని, అక్కడి బడికి బదిలీ అయిన మా మిత్రుడు ఏడాదిగా ఊరిస్తున్నాడు. వేసవి సెలవులు రాగానే బయలుదేరాను. కరీంనగర్‌లో తెల్లవారుతుండగా బస్సెక్కి పెద్దపల్లిలో దిగి, ప్యాసింజరు బండికి మూడో తరగతి టికెట్టు తీసుకున్నాను. గోదావరి వంతెన దాటాక కాసేపటికే మంచిర్యాల. చెన్నూరు బస్సుకు ఇంకా గంట ఉందంటే పక్కనున్న హోటల్లో కూర్చున్నాను.

ఎదుటి బెంచీ మీది యువకుడు ఓదెలు. మందమర్రి బొగ్గుబాయిలో పని. కంపెనీ క్వార్టర్ దొరికిందని, ఊరి నుంచి అప్పుడే బస్సు దిగిన తండ్రిని తనతో ఉంచుకోవడానికి తీసుకుపోతున్నాడు. తండ్రి రాజయ్య చెన్నూరు దారిలోని ఒక ఊళ్లో, పటేలు ఇంట్లో, చిన్ననాటి నుంచి పాలేరు పని చేస్తున్న జీతగాడు. ఆయన బెంచీ పక్కన నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"మీద కూసో బాపు."

"గీడనే మంచిగున్నది బిడ్డా."

కొడుకు చేయిపట్టి లేపితే చివరికి బెంచీ అంచున కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. అప్పుడే లోపలికి వచ్చిన పెద్దమనిషిని చూసి రాజయ్య దిగ్గున లేచాడు. చాయ్ చేతిమీద ఒలికింది. వచ్చినాయన ఆ పటేలే.

"ఏమ్రా రాజిగా, చెప్పకుంట వచ్చినవ్?"

"కొడుకు కాడికి దొరా. రెండు దినాలుండి వస్త."

"సరే. బయట మూటలున్నయ్, బస్సు మీదెక్కియ్."

రాజయ్య కప్పు కింద పెట్టాడు. ఓదెలు తండ్రి భుజంమీద చెయ్యి వేశాడు.

"బాపు చాయ్ తాగుతుండు పటేలా" అన్నాడు, మెల్లగానే.

పటేలు అతన్ని ఎగాదిగా చూసి, బయటికి పోయి ఒక హమాలీని పిలుచుకున్నాడు. రాజయ్య కొడుకు వైపు తిరిగాడు.

"గంత మాటెందుకన్నవ్ బిడ్డా? అవ్వ ఊర్ల ఒక్కతే ఉన్నది. నా మీది కోపం దాని మీద తీస్తడు."

"మరి అవ్వను ఎందుకు తోలుకరాలే?"

"ఇద్దరం ఒక్కపారి ఎల్తె దొరకు తెలుస్తదని."

ఓదెలు లేచి, తండ్రికి అన్నం పెట్టమని హోటలాయనకు చెప్పి, తల్లిని తెచ్చేందుకు నాతోపాటే చెన్నూరు బస్సెక్కాడు. పటేలు ముందు సీట్లో ఉన్నాడు.

"భయం లేదా?" అని అడిగాను.

"ఉన్నది సారూ. అవ్వ ఇంట్ల ఉంటదో, చేన్ల ఉంటదో. ఆయినకంటె ముందు నాకు దొరకాలె."

వాళ్ల ఊరు రాగానే ఓదెలు దిగి, పటేలును దాటుకుని పరుగులాంటి నడకతో పోయాడు.

మిత్రునితో గోదావరి ఒడ్డున రెండు సాయంత్రాలు హాయిగా గడిచినా, మనసు ఆ ఊరి దగ్గరే ఉంది. తిరుగు ప్రయాణంలో మంచిర్యాల హోటలాయనను అడిగాను.

"పొద్దుగూకెటాల్లకు అవ్వను తోలుకొచ్చిండు సారూ. గిన్నెల మూట ఒక్కటే. బస్సు వచ్చేదాక ముసలాయిన అన్నం ముట్టలే, రోడ్డు మీదనే నిలబడ్డడు. ఆమె దిగినంక ముగ్గురు కూసొని తిన్నరు. ఆడికెంచి మందమర్రి పోయిండ్రు."

బొగ్గుగనిలోకి దిగే పని సుఖమైనదేమీ కాదు. అయినా డ్యూటీ దిగాక ఓదెలు సమయం ఓదెలుదే. రాజయ్యకు అలాంటి ఒక్క పూట లేకుండానే తల నెరిసింది. ఒకే దారి మీద నేను సరదాకు పోయాను, రాజయ్య పటేలును అడగకుండా దొంగచాటుగా వచ్చాడు. ఆ తేడా ఇంతకాలం నా కంట పడలేదు.

మీరూ చెన్నూరు వెళ్లదలిస్తే కరీంనగర్‌లో మొదటి బస్సే ఎక్కండి. పెద్దపల్లిలో ప్యాసింజరు తప్పితే మంచిర్యాలలో చెన్నూరు బస్సు అందదు.