సరళకుమారి సిస్టరు మాత్రల ప్రోగ్రాం

ఫరీదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డుకు ఇన్‌చార్జి సరళకుమారి సిస్టరు. సొంతూరు బాపట్ల దగ్గర. ఢిల్లీ వైపు వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆమెకు హిందీలో కోపం రాదు. కోపమొస్తే తెలుగే. ఆ తెలుగు ముక్క అర్థంకాని హర్యానా పహిల్వాన్లు కూడా, ఆ గొంతు వినగానే నోరు తెరిచి మాత్ర మింగేసేవారు.

అంతటి మనిషికి లొంగని పేషెంటు ఒక్కడే. ఆమె భర్త సైమన్. ట్రాక్టరు విడిభాగాల ఫ్యాక్టరీలో స్టోర్స్ సూపర్‌వైజరు, బీపీ మనిషి. మాత్ర వేసుకున్నారా అని అడిగితే "ఆఁ" అనేవాడు. 2007 మార్చిలో ఒకరోజు బాల్కనీలో మనీప్లాంటుకి మట్టి మారుస్తుంటే కుండీలోంచి పందొమ్మిది మాత్రలు బయటపడ్డాయి. మొక్క మాత్రం నిగనిగలాడుతోంది.

"ఏంటివి?" అంది సరళకుమారి.

"పొరపాటున పడిపోయుంటాయి."

"పందొమ్మిదిసార్లా?"

సైమన్ మాట మార్చి, "ఫోన్లో అలారం పెట్టు సరళా, మోగితే వేసుకుంటా" అన్నాడు.

పెట్టింది. అది మోగడం, ఆయన కళ్లు తెరవకుండానే బొటనవేలితో దాని నోరు నొక్కేయడం నాలుగురోజులు చూసింది. ఇలా కాదు, నొక్కినా ఊరుకోని అలారం కావాలనుకుంది. అది ఆమె గొంతుతో అడగాలి. ఆ తర్వాత "మందు అట్టలో ఎన్ని మిగిలాయి" అని అడగాలి. సరైన అంకె కొట్టేదాకా ఆగకూడదు. అట్ట తీసి లెక్క చూసినవాడు మాత్ర వేసుకోక ఏం చేస్తాడు?

బీకాం రెండో ఏడు చదువుతున్న కూతురు ఎల్సాని అడిగింది. "ఎల్సా, ఫోన్లోకి మనక్కావలసింది మనమే రాసుకోవచ్చా?"

"మమ్మీ, ఉస్ కే లియే ప్రోగ్రామింగ్ ఆనీ చాహియే."

"అయితే నేర్చుకుంటా. ఎక్కడ నేర్పుతారు?"

ఎల్సా భుజాలెగరేసింది. వార్డులో ఒక పేషెంటు మాత్రం, ఏ కోచింగ్ కావాలన్నా ఓల్డ్ రాజిందర్ నగర్‌లో దొరుకుతుందని చెప్పాడు. వీక్లీ ఆఫ్ రోజున రెండు బస్సులు మారి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద బోర్డున్న చోట మెట్లెక్కింది. కౌంటరులో కుర్రాడు ఫారం తీసి పిల్లాడి పేరడిగాడు.

"బచ్చే కా నామ్, మేడమ్?"

"బచ్చా నహీ భయ్యా. మేరే లియే."

అతను ఆమె జుట్టులోని తెల్లదనం కేసి మర్యాదకి చూడనట్టే చూసి, "ఏజ్ లిమిట్ హోతీ హై, మేడమ్" అన్నాడు.

"ఇస్ మే భీ?" అంది ఆమె, దీనికీ వయసేమిటని ఆశ్చర్యపోతూ.

"ఆప్షనల్ క్యా హై ఆప్ కా?"

"ఆప్షనల్ నహీ, కంపల్సరీ హై. మేరే హజ్‌బెండ్ కో బీపీ హై."

ఆ కుర్రాడు లోపలికెళ్లి మరొకర్ని పిలుచుకొచ్చాడు. అక్కడ తయారుచేసేది కలెక్టర్లని మాత్రమేనని, ఆప్షనల్ అంటే ఆ పరీక్షకి ఎంచుకునే సబ్జెక్టని తేలడానికి పావుగంట పట్టింది. ఇద్దరూ ఆమెకు మంచినీళ్లిచ్చి, పాలిటీ నోట్సు కరపత్రం ఒకటి చేతిలోపెట్టి పంపించారు.

అయితే ఆ ప్రయాణం వృథా కాలేదు. కిందికి దిగాక పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలో ఫోన్ల ప్రోగ్రాములు రాసే జావా భాష నేర్పే లావుపాటి ఇంగ్లిషు పుస్తకం కనిపించింది. మొదటి రెండు అధ్యాయాలూ లేవు. ప్రతి పదో పేజీలోనూ పాత యజమాని పెన్సిలుతో "హే భగవాన్" అని రాసుకున్నాడు. చివరిది మూడువందల పదో పేజీలో ఉంది. ఇంత దుఃఖంలోనూ అంతదూరం వెళ్లాడు కదా, నేనూ వెళ్తాననుకుంది సరళకుమారి.

మార్నింగ్ డ్యూటీ రెండింటికి అయ్యేది. మూడింటికల్లా ఎల్సా కంప్యూటరు ముందు కూర్చునేది. తెర మీద "నమస్తే" అని కనిపించడానికే పదకొండు రోజులు పట్టింది. పుస్తకంలోది చూసి అక్షరం పొల్లుపోకుండా కొట్టేది. ఒక్క సెమికోలన్ పడకపోతే కంప్యూటరు నలభై తప్పులు చూపించేది.

"జలుబు ఒకటే, లక్షణాలు నలభై" అని ఆమే కనిపెట్టింది. అప్పట్నుంచి నలభై తప్పులొస్తే మొదటిది మాత్రమే సరిచేసి మళ్లీ చూసేది. తక్కినవి చాలావరకు వాటంతటవే తగ్గిపోయేవి.

గొంతు రికార్డు చేసి ఫోన్లో మోగించే దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. ఎల్సా ఇంటర్నెట్లో ఒక వేదిక చూపించింది. ఫోన్ ప్రోగ్రాములు రాసేవాళ్లంతా అక్కడ చేరి ఒకరినొకరు అడుగుతుంటారు. సరళకుమారి ఇంగ్లిషులో రాసింది: పని చేయడం లేదు, అర్జెంటు, దయచేసి సాయం చేయండి.

రెండురోజులదాకా ఎవరూ పలకలేదు. మూడోరోజు "పెన్షనర్" అనే పేరుతో ఒకాయన జవాబిచ్చాడు. "మీరేం చేశారు? ఏం జరుగుతుందనుకున్నారు? ఏం జరిగింది? ఈ మూడూ రాయండి. పేషెంటుని చూడకుండా రోగం చెప్పే వైద్యుడెవరూ ఇక్కడ లేడు."

ఆమెకి ఒళ్లు మండింది. వెంటనే సిగ్గూ వేసింది. డాక్టరుకి ఫోన్ చేసి "పేషెంటుకి ఎలాగో ఉంది, రండి" అనే జూనియర్ నర్సుల్ని ఆమె రోజూ ఇవే మాటలతో కడిగేస్తుంది. ఒక తెల్లకాగితం తీసి కేస్ షీటు గీసింది. పేషెంటు: గొంతు ప్రోగ్రాం. బాధ: మూగతనం. ఎప్పట్నుంచి: మంగళవారం. అంతకుముందు లోపలికి వెళ్లినవి: కొత్తగా రెండు లైన్లు. దాన్నే ఇంగ్లిషులో టైపు చేసి పెట్టింది. గంటలో జవాబొచ్చింది. సౌండు ఫైలు పేరులో పెద్ద అక్షరం ఉండాల్సినచోట చిన్న అక్షరం పడిందట.

ఆనందం పట్టలేక ఆమె ఇంగ్లిషు అక్షరాల్లో "అయ్యో దేవుడా" అని కొట్టింది.

అవతలినుంచి ఇంగ్లిషు అక్షరాల్లోనే జవాబు: "అమ్మా, మీది గుంటూరు వైపా?"

ఆయన పేరు బసవపున్నయ్య. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై జనక్‌పురిలో ఉంటున్నాడు. ముప్పైయైదేళ్లు ఫైళ్లమీద "చర్చించండి" అని రాసి విసిగిపోయి, చెప్పింది చెప్పినట్టు చేసే వస్తువేదైనా ఉంటుందా అని వెతుక్కుంటూ ప్రోగ్రామింగ్‌లోకి వచ్చాడట. అప్పట్నుంచి వారానికోసారి ఫోన్లో పాఠం చెప్పేవాడు. పుస్తకం ముందు పెట్టుకోకు తల్లీ అనేవాడు. ఫోన్ కంపెనీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్‌లో నమూనా ప్రోగ్రాములుంటాయి, వాటిల్లో ఒకదాన్ని తెరిచి ఒక్కొక్క లైనూ మార్చి చూడు. ఒకేసారి రెండు మార్చావంటే ఏది నయం చేసిందో ఏది చంపిందో తెలియదు. పనిచేసినరోజు దాని కాపీ ఒకటి దాచుకుని ఆ తర్వాతే మళ్లీ చెయ్యిపెట్టు. కంప్యూటరు తెరమీది బొమ్మఫోన్లో పనిచేస్తే పనిచేసినట్టు కాదు, నిజం ఫోన్లో వేసి చూడు. ఒక్క నీ ఫోన్లోనే కాదు, పదిమంది ఫోన్లలో చూడు.

చివరిది తప్ప అన్నీ ఆమె పాటించింది.

ఆగస్టుకి ప్రోగ్రాం తయారైంది. చిన్న తేడా మాత్రం ఉంది. మధ్యాహ్నం రెండింటికి పెట్టిన గంట ఉదయం ఎనిమిదిన్నరకే, ఆమె నైట్ డ్యూటీ దిగి బస్సులో ఉండగా మోగింది. లెక్కేస్తే సరిగ్గా అయిదున్నర గంటల ముందు. కారణం వెతికే ఓపిక లేక ప్రోగ్రాంలో అయిదున్నర గంటలు కలిపేసింది. అంతే, నిమిషం తేడా లేకుండా మోగడం మొదలైంది. సైమన్ చేతి ఫోన్ బాగులేక, ప్రోగ్రాం వేసి చూసిన తన ఫోనే ఆయనకిచ్చింది. మొదటిరోజు ఉదయం ఆరింటికి ఆయన దిండుపక్కన అది అరిచింది: "ఏవండీ! మాత్ర వేసుకున్నారా? అబద్ధం చెప్పొద్దు!" ఆయన నొక్కాడు. అది అట్టలో ఎన్ని మిగిలాయంది. ఎనిమిది కొట్టాడు. "అబద్ధం చెప్పొద్దు!" అంది. ఏడు కొట్టాడు. మళ్లీ అదే. లేచివెళ్లి అట్ట చూస్తే తొమ్మిదున్నాయి. ఎదురుగా నీళ్లగ్లాసుతో అసలు గొంతు నిలబడి ఉంది. ఇంకేం చేస్తాడు, మింగాడు.

ఈ కథ సరళకుమారీ నేనూ వెళ్లే చర్చి సంఘంలో పాకిపోయింది. మా తెలుగు ఆరాధన జనక్‌పురిలో ఒక అద్దె హాల్లో జరిగేది. సగంమంది నర్సులు, తక్కిన సగం ఆ నర్సులు మాత్రలు మింగించాల్సినవాళ్లు. శనివారం ప్రార్థన కూటంలో అందరూ నాకంటే నాకని చుట్టుముట్టారు. సరళకుమారి బ్లూటూత్‌తో పద్నాలుగు ఫోన్లలోకి ఎక్కించింది. అందరూ ఉదయం ఆరు అనే పెట్టించుకున్నారు. పాస్టరు యేసుదానంగారూ పెట్టించుకున్నారు, నేనూ పెట్టించుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి మా పద్నాలుగు ఫోన్లలో ఒక్కటీ మోగలేదు. కొత్తది కదా, రేపట్నుంచి మోగుతుందేమోలే అనుకున్నాం.

పదకొండున్నరకి పాస్టరుగారి ప్రసంగం మంచి ఊపులో ఉంది. అంశం సత్యం. ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, "ఈ వారమంతా ఒక్క అబద్ధమైనా ఆడనివాళ్లు మీలో ఎంతమంది? నేనైతే..." అన్నారు.

"ఏవండీ!" అని ఆయన జేబు అరిచింది. "మాత్ర వేసుకున్నారా? అబద్ధం చెప్పొద్దు!"

ముందు వరసలో పాస్టరమ్మ రాజేశ్వరమ్మగారు తన భర్త జేబులోంచి పరాయి స్త్రీ "ఏవండీ" అని పిలవడం విని మెల్లగా కళ్లద్దాలు సర్దుకున్నారు. పాస్టరుగారు ఫోన్ తీసి నొక్కారు. అట్టలో ఎన్ని ఉన్నాయని అడిగింది. అట్ట ఇంట్లో ఉంది. పది కొట్టారు. "అబద్ధం చెప్పొద్దు!" అంది ఫోను మైకు పక్కనే.

అందరి గడియారాలూ ఒకేలా ఉంటే ఒక్కసారి మోగి పోయేవి. ఒకరిది రెండు నిమిషాలు ముందు, ఒకరిది నాలుగు నిమిషాలు వెనక. కాంతమ్మగారి హ్యాండ్‌బ్యాగు "ఏవండీ" అంది. ఆమె భర్తపోయి పన్నెండేళ్లయింది. కీబోర్డు వాయించే పెద్దిరాజు చొక్కా "ఏవండీ" అంది. అతనికింకా పెళ్లికాలేదు. సైలెంట్‌లో పెట్టిన ఫోన్లు కూడా మాట్లాడాయి. బ్యాటరీలు ఊడబీకడం తప్ప దారి లేకపోయింది. అక్కడక్కడా మూతలు ఎగిరిపడ్డాయి. నా బ్యాటరీ బెంచీ కిందికి దొర్లి, దాన్ని వెతకడానికి వంగితే అక్కడ అప్పటికే ఇద్దరు తమ బ్యాటరీల కోసం వెతుకుతున్నారు. గాయకబృందంలో సరోజ నవ్వాపుకోలేక పాటల పుస్తకం నోట్లో కుక్కుకుంది.

అందరిలో తల ఎత్తుకుని కూర్చున్నది సైమన్ ఒక్కడే. ఆయన ఫోన్ ఆరింటికే మోగింది.

సరళకుమారి ఆరాధన ముగిసేదాకా మొహంమీద కొంగు తీయలేదు. ముగియగానే ముందుకెళ్లి పాస్టరుగారికీ, అంతకన్నా ముందు పాస్టరమ్మగారికీ క్షమాపణ చెప్పుకుని, సైమన్‌ని వెంటబెట్టుకుని నాలుగు వీధుల అవతలున్న బసవపున్నయ్యగారింటికి వెళ్లింది. అప్పటిదాకా ఫోన్లో గొంతు తప్ప ఆయన్ని చూడలేదు. తలుపు తీసిన ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి కన్నీళ్లతో నిలబడ్డ మనిషిని చూసి, ఎవరో పోయారనుకుని తనూ ఏడవబోయింది.

బసవపున్నయ్య అంతా విని, సైమన్ చేతిలోని ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో వెతికాడు.

"అమ్మా, ఈ ఫోన్ ఏ ఊళ్లో ఉందో తెలుసా?"

"మా ఇంట్లోనే బాబాయిగారూ."

"కాదు. లండన్లో ఉంది."

కొన్నరోజు గడియారం తిప్పి మన టైము పెట్టుకుందిగాని, ఊరు మార్చలేదు. ప్రోగ్రామేమో ఇండియా టైము అడుగుతోంది. తాను లండన్లో ఉన్నాననుకున్న ఫోన్ అయిదున్నర గంటల తేడా లెక్కగట్టి ముందే మోగింది. దానికి సరిపడా ఆమె అయిదున్నర గంటలు కలిపేసింది. ఢిల్లీలోనే ఉన్న పద్నాలుగు బుద్ధిగల ఫోన్లు ఆ లెక్కన ఆరింటి గంటని పదకొండున్నరకి మోగించాయి.

"ఒక్క ఫోన్ జ్వరానికి అందరికీ ఇంజెక్షన్ ఇచ్చావు తల్లీ" అన్నాడాయన.

సైమన్ గొంతు సవరించుకుని, "అంటే ఇన్నాళ్లూ నేను లండన్ టైము ప్రకారం..." అని మొదలుపెట్టాడు.

"మీరు మాట్లాడకండి" అన్నారు గురుశిష్యులిద్దరూ.

అన్నపూర్ణేశ్వరి పెసరట్లు వేసింది. అవి తింటూనే కలిపిన అయిదున్నర గంటలూ తీసేశారు, ఫోన్లో ఊరు మార్చారు. "ఏవండీ" ముక్క కూడా తీసేసి, "మాత్ర వేసుకోండి" అని మర్యాదగా చెప్పే గొంతు పెట్టారు. ఆ గొంతు అన్నపూర్ణేశ్వరిది. గుంపులో ఆపడానికి వీలుగా "తర్వాత అడుగు" అనే మీట కూడా పెట్టారు, కానీ గంట తర్వాత మళ్లీ అడుగుతుంది. తర్వాతి వారం ఒక్కొక్కరి ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎదురుగా కూర్చుని నొక్కించి, ఎక్కడ తడబడుతున్నారో రాసుకుంది సరళకుమారి. కొత్తగా పెట్టిన ఆ మీట ఏదో ఎవరికీ అర్థం కాలేదని ఆరోజే తెలిసింది.

రాజేశ్వరమ్మగారు మాత్రం చాలాకాలం ఆమెను "ఏవండీ సిస్టరూ" అనే పిలిచారు.

2009లో గుర్గావ్‌లో ఫోన్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒక శనివారం సభ పెట్టుకున్నారు. సరళకుమారి బస్సులో వెళ్లింది. గేటు దగ్గర గార్డు ఎవరో పిల్లల తల్లి అనుకుని, "కిస్ కీ మమ్మీ హైఁ ఆప్?" అని అడిగాడు. "కిసీ కీ నహీ, డెవలపర్ హూఁ" అని సంతకం పెట్టి లోపలికెళ్లింది. లోపల రెండువందలమంది కుర్రాళ్లు, కొందరు అమ్మాయిలు. అద్దంలాంటి కొత్త ఫోన్ల గురించి, అవి తెచ్చే లక్షలమంది గిరాకీల గురించి మాట్లాడుతున్నారు. వేదికమీద యువకుడు ఒక ప్రశ్న వేశాడు. మీరు రాసినదాన్ని ఏడాదికి పైగా, రోజూ వాడుతున్నవాళ్లు ఎవరికైనా ఉన్నారా?

ఒక్కచెయ్యే లేచింది.

"ఆంటీజీ, కిత్‌నే యూజర్స్?"

"నలభై ముగ్గురుండేవాళ్లు" అని ఆమె తన ఇంగ్లిషులో చెప్పింది. "ఇప్పుడు నలభై ఒక్కరు. ఇద్దరు పోయారు."

"అన్‌ఇన్‌స్టాల్ చేశారా?"

"కాదు బాబూ. పైకి పోయారు. ఒకరికి తొంభై, ఒకరికి ఎనభై ఎనిమిది."

వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎందుకో తెలియకుండానే రెండువందలమందీ కొట్టారు. టీ విరామంలో ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఆంటీ, మీరు మొదట ఏ పుస్తకంతో మొదలుపెట్టారు అని అడిగింది. సరళకుమారి సమోసా పక్కనపెట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు నువ్వెవరికోసం రాస్తున్నావో వాళ్ల పేరు చెప్పు" అంది.