శుక్రవారం బిందె

నలభై దాటిన ఆడమనిషి, ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టి బతికే మనిషి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని "చంపు, చంపు, వాని ఎనుకకెల్లి పో" అని అరుస్తుంటే అత్తమ్మ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? అదీ శుక్రవారం పూట, ఆమె లక్ష్మీదేవికి దీపం పెట్టే వేళ. "గా తుపాకులాట నా దేవుని ముంగట వద్దు పిల్లా. ఎనుక అర్రల ఆడుకో" అంది. అలా నస్పూరులోని మా ఇంట్లో వాకిలి అవతల ఉన్న కుట్టుమిషన్ గదికి నన్ను తోలేసింది.

ఆట మానేయొచ్చు కదా అంటారు. సౌదీలో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడికి శుక్రవారమే సెలవు. ఫోన్‌లో మా మాటలు "తిన్నవా?" "తిన్న, నువ్వు?" దగ్గరే ఆగిపోతాయి. నెట్ ఆటలో ఒకే జట్టుగా తుపాకులు పట్టుకుని పరుగెత్తేటప్పుడు మాత్రం వాడు అన్నీ చెబుతాడు. మాడిన కూర, సేటు తిట్లు, మోకాలి నొప్పి, అన్నీ. మా అమ్మ పోయాక వాడు మనసులో మాట చెప్పుకునే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

మిగతా రోజుల్లో వెనక గదికి నెట్ బాగానే వచ్చేది. బట్టలు కుడుతూ పాటలు పెడితే ఆగకుండా పాడేది. సరిగ్గా శుక్రవారం చచ్చేది. ఆటలో నా బొమ్మ గోడకు ముఖం పెట్టి నిలబడిపోయేది, ఎవడో వచ్చి తీరిగ్గా కాల్చిపోయేవాడు. మా ఆటలో పడిపోయినవాళ్లను తోటివాళ్లు లేపాలి. "లేపు తమ్మీ, లేపు!" అని మొత్తుకునేదాన్ని. వాడు తూటాలకు ఎదురొచ్చేవాడు, ఇద్దరం కలిసి చచ్చేవాళ్లం. ఒక వారం వాడికి విసుగొచ్చింది. "అక్కా, నీ నెట్ మంచిగైనంక చెప్పు. అందాక మా రూమ్ పోరనితోని ఆడుత" అన్నాడు. బయటికి నవ్వాను గానీ ఏడుపొచ్చింది.

ఇక చూడండి నా తెలివి. నెట్ కనెక్షన్ ఇచ్చినాయనను ఫోన్‌లో కడిగేశాను. శుక్రవారం ఊరంతా కొత్త సినిమాలు చూస్తుంది కాబట్టి ఇలా అని సిద్ధాంతం కట్టాను. బొగ్గు బావిలో పేలుళ్ల వల్లేమో అని, ఆ బావిలోనే పనిచేసే మా ఆయనతో అన్నాను. "మేము రోజు పేలుస్తం, శుక్కురారం ఒక్కనాడే కాదు" అని ఆయన అన్నం కలుపుకున్నాడు. గోడకు తగిలించే ఇంకో నెట్ డబ్బా కొన్నాను. అది నెట్ అందుకుని ముందుకు పంపుతుందట. శుక్రవారం దానికే అందలేదు, ఇక నాకు పంపేదేముంది.

చివరికి కారణం నా చేతుల్లోనే దొరికింది. శుక్రవారం పొద్దున ఇత్తడి బిందెను చింతపండుతో తోమి, నిండా నీళ్లు పట్టి దేవుని గూట్లో పెట్టడం, మర్నాడు తీసేయడం మా ఇంటి ఆనవాయితీ. నెట్ డబ్బా ఉండేదీ ఆ గూట్లోనే, సీరియల్ బల్బుల ప్లగ్గు పక్కన. ఆ రోజు బిందె గూట్లో దించి చూద్దును కదా, డబ్బా పూర్తిగా దాని వెనక్కి పోయింది. అంత ఇత్తడిని, అన్ని నీళ్లను దాటి నెట్ వాకిలి అవతలికి ఎలా వస్తుంది? తోమింది నేను, పెట్టింది నేను, తిట్టింది మాత్రం ఊరందరినీ. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"బిందె జర పక్కకు జరుపుదామా అత్తమ్మా?" అని అడిగాను.

"లక్ష్మి జరగది. నీ డబ్బనే జరుపు" అంది.

పొడుగు వైరు తెప్పించి, దండెం వెంట లాగి, డబ్బాను మిషన్ గదిలోకే మార్చాను. తమ్ముణ్ణి బతిమాలి మళ్లీ ఆటకు పిలిచాను.

"మంచిగున్నవారా?"

"మంచిగనే ఉన్న."

ఇన్నాళ్లూ ఆ మాట తెగి తెగి వచ్చేది. ఇప్పుడు సాఫుగా వినబడింది, గొంతులో వణుకుతో సహా. "ఏమైందిరా?" అన్నాను. మైదానం నడుమ వాడి బొమ్మ ఆగిపోయింది. అలవాటు కొద్దీ నెట్‌ను తిట్టబోయి డబ్బా వైపు చూశాను. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. వాడి బొమ్మ మాత్రం కదల్లేదు. ఎవడో కాల్చాడు, కూలబడింది.

"ఇంటి మీద పాణం గుంజుతుందక్కా" అన్నాడు. "గీసారి గూడ ఊరికి పోను సెలవియ్యం అన్నరు. లేపక్కా."

తుపాకి సంగతి మరిచి, "వస్తున్న తమ్మీ, వస్తున్న" అని అరుస్తూ వాడి వైపు పరుగెత్తాను.

ఆ అరుపుకు అత్తమ్మ దీపం దగ్గర నుంచి లేచి గది గుమ్మంలోకి వచ్చింది. "ఏందే, మీ తమ్ముడొచ్చిండా? చాయ్ పెట్టాల్నా?"

అంత దూరంలో వాడికీ వినబడింది.

"పెట్టుమను అక్కా" అన్నాడు.